నలభై రెండో జాయింటు

శారోన్ ల్యాప్‌టాప్ తెచ్చి తండ్రి ముందు పెట్టింది. తెర మీద నలభై ఏళ్ల కిందటి ఎక్స్‌రే ఫిల్ములు, ప్రతిదాని మూలనా తండ్రి ఎలీషా సంతకం. సముద్రపొడ్డున అణు విద్యుత్ కేంద్రం కట్టేటప్పుడు, పైపుల వెల్డింగు జాయింట్లలో లోపాలున్నాయేమోనని ఆ ఫిల్ములు తీసింది ఆయనే. కేంద్రానికి రాసిపెట్టిన ఆయుష్షు నిండిపోయింది. ఇంకో పదేళ్లు నడపొచ్చని రిపోర్టు రాస్తున్న ఆ కేంద్రం ఇంజనీర్లలో శారోన్ ఒకతి. రెండు రోజుల సెలవు మీద రాజోలులో ఇంటికి వచ్చింది. సోమవారం రిపోర్టు పైకి వెళ్తుంది.

తండ్రి సంతకాలు చూపిస్తూ పిల్ల మురిసిపోతోంది. ఎలీషా భార్య నాగమణి వచ్చి, ఆ సంతకం అప్పుడూ వంకరేనని ఎకసెక్కమాడి వంటింట్లోకి పోయింది.

ఎలీషా కళ్లజోడు సర్దుకుని నలభై ఒకటో జాయింటు ఫిల్ము చూశాడు. అంచున ఆవగింజంత మచ్చ. నలభై రెండు చూశాడు. అదే మచ్చ, అదే చోట. మళ్లీ నలభై ఒకటికి వెళ్లి చూశాడు.

ఆ ఫిల్ములు తీసిన ఏడు క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు సంగతి. నలభై రెండోది పైనెక్కడో ఉంది, పరంజా అప్పటికే విప్పేశారు. మళ్లీ కట్టిస్తే ఊరికి వెళ్లే సాయంత్రం రైలు తప్పిపోతుంది. కొత్తగా పెళ్లయిన ఈ ఘనుడు ఏం చేశాడంటే, కింద అందుబాటులో ఉన్న నలభై ఒకటికే, ఫిల్ము మీద నంబరు పడటానికి పెట్టే సీసపు అంకెలు మార్చి, రెండోసారి ఫిల్ము తీసేశాడు. ఒక్కదానికి ఏమవుతుందిలే అనుకున్నాడు. నిజంగానే ఇన్నేళ్లూ ఏమీ కాలేదు.

"అన్నీ బాగా చూసేవా అమ్మా?"

"మిగతావాళ్లవి రెండేసి సార్లు చూసేను డాడీ. మీవి ఒక్కసారే. మీ సంతకం కదండీ."

నోరు మూసుకుంటే సోమవారం గడిచిపోతుంది. నోరు విప్పితే కన్నకూతురి ముందు దొంగలా నిలబడాలి. కానీ ఆ పైపుల పక్కనే ఇంకో పదేళ్లు రోజూ తిరగబోయేది ఈ పిల్లే. ఎలీషాకి సిగ్గుకన్నా భయమే ఎక్కువైంది.

"నలభై రెండు నేను తియ్యలేదమ్మా. పండక్కి రావాలని, ఒకదాన్నే రెండుసార్లు తీసేను. ఆ మచ్చ చూడు."

శారోన్ ఆ రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. కేకలేస్తే బాగుండుననిపించింది ఆయనకి.

"ఇలాంటివి ఇంకెన్ని?"

"ఇదొక్కటే. దేవుడి తోడమ్మా."

ఆయన సంతకం ఉన్నవి మూడొందల పన్నెండు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఒకటో నంబరు తెరిచింది.