తాడు పట్టిన అల్లుడు

ఆ ఊరికి సుడిగాలి తరానికి ఒకసారి వస్తుంది. ఎప్పుడూ ఒకటే దారి. క్వారీ గుంట మీద లేచి, కోత మిల్లు పక్కగా, మా మామగారి వీధి మీదుగా ఏట్లోకి దిగిపోతుంది. చలికాలమంతా ఎండగట్టి, ఆ వెంటనే వానలు కుమ్మరిస్తే ఆ ఏడు వచ్చినట్టే. సరిగ్గా అలాంటి ఏడే నన్ను ఇల్లరికం తెచ్చుకున్నారు. నాది వెల్డింగు పని. వెనకాముందూ ఎవరూ లేరు. నక్క తోక తొక్కాననుకున్నాను.

వాళ్ల వంటగది కింద నేలమాళిగ ఉంది. పైన చెక్క తలుపు. గాలి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ లోపలికి దిగితే, ఒకరు పై మెట్టు మీద కూర్చుని తలుపు తాడు లాగిపట్టాలి.

“ఇనప గడియ వేస్తాను మావయ్యా. చిటికెలో పని,” అన్నాను.

“గడియైతే తలుపు ముక్కలవుతుందయ్యా. మనిషైతే గాలిని బట్టి వదులుతాడు, బిగిస్తాడు,” అన్నాడు మామ.

బావమరిది నవ్వాడు. “తాత హయాంలో ఆయన బావగారు పట్టాడు. తర్వాత మా మేనత్త మొగుడు. భలే పట్టార్లే బావా! ఇద్దరూ ఏట్లో దొరికారు. ఒకణ్ణి తీసుకుంటే చాలు, గాలి మళ్లీ తరం దాకా ఇటు తొంగిచూడదు.”

“నోర్ముయ్యరా,” అంది అత్త. నాకు ఇంకో గరిటె అన్నం వేసింది.

బావమరిది వేళాకోళం కదా అని ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆకాశం పసరు రంగుకు తిరిగింది. అందరూ దిగారు. నేను తాడు పట్టాను. అరచేతుల తోలు తాడుకే అంటుకుపోయింది. భుజం కీలు తప్పింది. వెనక నుంచి ఒక్కరూ నా నడుం పట్టుకోలేదు. అయినా వదల్లేదు.

గాలి దాటిపోయాక పైకొచ్చాం. సగం ఇల్లు లేదు. అత్త అందరి వంకా చూసింది. మళ్లీ చూసింది. “అందరూ ఉన్నారు,” అని కూలబడి ఏడ్చింది. సంతోషం కాబోలనుకున్నాను.

పక్కింటాయన పడిన గోడ మీంచి తొంగిచూసి, “అదేంటి, అల్లుడున్నాడే!” అని నాలిక కరుచుకున్నాడు.

మామ అత్త భుజం తట్టాడు. “ఊరుకోవే. మేఘం పోలేదుగా. మళ్లీ వస్తుంది.”

అప్పుడు తెలిసింది నాకు.

నా పెళ్లాం పాత దుప్పటి చింపి నా చేతులకు కట్టు కట్టింది. నొప్పి తెలియకుండా కట్టింది.

“పద, పోదాం. ఎక్కడైనా బతకొచ్చు,” అన్నాను.

తలెత్తలేదు. ముడి వేసింది.

“మీరు వెళ్లిపోతే తాడు తమ్ముడు పట్టాలి. వాడికింకా పెళ్లైనా కాలేదు.”