బురుల్ గొర్రెకు దీవెన

రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన ఆ పిల్ల పేరు చోల్పన్. సర్కారు మందలు, పొలాలు పంచేశాక కొండ ఊళ్ళలో జనం ఎలా బతుకుతున్నారో ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసుకోవడం ఆమె పని. ఊరంతా వదిలేసి మా తోడికోడలు బురుల్ ఇంటికే ముందు వచ్చింది. చీటీ తీస్తే ఆ ఇల్లు వచ్చిందట. బతుకులకు కూడా చీటీలు తీస్తారని నాకప్పుడే తెలిసింది.

మా మరిది పోయి రెండేళ్ళు. బురుల్‌కు మిగిలింది ఇద్దరు ఆడపిల్లలు, ఒక గొర్రె. కొండ కనుమ దారి మంచుతో మూసుకుపోయేలోపు ఆ గొర్రెను వ్యాపారికి ఇచ్చి చలికాలానికి పిండి తెచ్చుకోవాలి. అది పోతే పిల్లలకు రొట్టె లేదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు.

చోల్పన్ టీ గిన్నె పట్టుకుని ఇంకా మొదటి ప్రశ్న అడగనేలేదు, బురుల్ లేచి వెళ్ళి గొర్రెను గుమ్మం దాకా ఈడ్చుకొచ్చింది. వెనకాలే కత్తితో మా ఆయన.

"ఒసేయ్, నీకేమైనా మతిపోయిందా?" అన్నాను చెవిలో.

"ఊరుకో అక్కా. అంత దూరం నుంచి వచ్చింది. రొట్టె ముక్క మొహాన కొట్టి పంపనా?"

మా దగ్గర అతిథి అరచేతులు చాచి దీవిస్తేనే కత్తి లేస్తుంది. ఆ పిల్ల గొర్రెను చూసింది, ఖాళీ కొట్టాన్ని చూసింది. చేతులు ఒళ్ళోనే ముడుచుకుంది.

"వద్దక్కా, నేను దీవించను. మీకున్నది ఇదొక్కటే కదా. నాకు టీ చాలు."

మంచి మనసుతోనే అంది. 'బతికించావే తల్లీ' అని నేనూ లోపల అనుకున్నాను. కానీ బురుల్ మొహం చూడాలి. మొగుడి శవం లేచిన రోజు కూడా అంతగా పాలిపోలేదు. గొర్రెను మా ఆయన చేతికిచ్చి వచ్చి కూర్చుంది.

"అడుగమ్మా, ఏమడుగుతావో."

"పోయిన వారం మాంసం తిన్నారా?"

"రోజూ తింటాం."

"ఇంట్లో పిండి ఉందా?"

"బస్తాల కొద్దీ."

"పిల్లలకు చలికోట్లు?"

"తలా రెండు."

పిల్లలేమో మూలన ఒకే కోటు కప్పుకుని కూర్చున్నారు. చోల్పన్ ఏం రాయాలో తోచక నా వైపు చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నన్నేం చూస్తావే? నీ చదువు తగలెయ్య! ఒక పూట పెట్టే తాహతు కూడా లేదని దాని మొహం మీదే చెప్పావు. ఇంక నీకు నిజం ఎవరు చెప్తారు?"

ఆ పిల్ల కళ్ళు నిండాయి. కాగితాలు పక్కన పెట్టి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. అరచేతులు చాచింది.

"ఈ ఇంట పొయ్యి ఆరకూడదు. ఈ పిల్లలు నూరేళ్ళు బతకాలి," అని, దీవెన ముగించే పద్ధతిలో రెండు చేతులతో మొహం తడుముకుంది.

గొర్రె కాళ్ళు బురుల్ తనే పట్టుకుంది. నాకు చూడబుద్ధి కాక పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.

సాయంత్రానికి ఇల్లంతా ఉడికిన మాంసం వాసన. మంచి ముక్కలన్నీ అతిథి ముందే పెట్టి, ఎవరూ అడక్కుండానే బురుల్ అన్నీ చెప్పింది. వ్యాపారి సంగతి, కోటు సంగతి, తను తిన్నానని చెప్పి పిల్లలకు పెట్టిన రోజుల సంగతి. నాకు కూడా ఎప్పుడూ చెప్పలేదు ఆ మాటలు. ఏడుపొచ్చింది నాకు. చోల్పన్ తలెత్తకుండా రాసుకుంది. చివర ఒక్క ప్రశ్న మిగిలింది.

"మీ ఊళ్ళో పేదవాళ్ళని ఎవర్ని అంటారక్కా?"

"ఇంటికొచ్చిన మనిషికి పెట్టలేనివాళ్ళని."

"అలాంటి వాళ్ళెవరైనా ఉన్నారా?"

బురుల్ పిల్లల గిన్నెల్లో ఇంకో ముక్క వేసింది.

"రేపట్నుంచి నేనున్నాను. రేపటి తేదీ వేసి రాసుకో. ఇవాళ్టికి మాత్రం రాయకు తల్లీ."