పెంటవ్వ పెట్టుకున్న పేరు

మూడో బిందె మెట్లెక్కించేసరికి పెంటవ్వకు ఆయాసం వచ్చింది. బిందెను గోడకు ఆనించి, నాలుగో మెట్టు మీద కాసేపు నిలబడింది. కోరుట్ల బస్టాండు వెనక వీధిలో, ఎరువుల దుకాణం పైన నడిచే ఇంగ్లిష్ క్లాసులకు ఆరేళ్లుగా ఊడ్చే మనిషీ ఆమే, నీళ్లు మోసే మనిషీ ఆమే, చాయ్ తెచ్చే మనిషీ ఆమే. అరవై రెండేళ్లుంటాయి. పొట్టి మనిషి. చీర కొంగు ఎప్పుడూ నడుముకు దోపి ఉంటుంది. నలభై ఏళ్లు బీడీలు చుట్టి కుడిచేతి బొటనవేలు ఒక పక్కకు ఒరిగిపోయింది. చూపు మందగించి దారం కనబడక ఆ పని మానుకుని ఇక్కడ చేరింది.

క్లాసుకు వచ్చేవాళ్లంతా దుబాయికో మస్కట్‌కో పోయేవాళ్లు. పాఠం చెప్పే ప్రేమలత మేడం మెట్‌పల్లి నుంచి బస్సులో వస్తుంది. ఆమె పెట్టిన నియమం ఒకటుంది: గడప లోపల సొంత పేరు చెల్లదు. "అక్కడి సూపర్‌వైజర్లకు మన పేర్లు నోరు తిరగవు. వాళ్లు ఏదో ఒకటి తగిలించే ముందుగాల మీరే మంచిది సూసి పెట్టుకోండ్రి" అంటుంది.

పెట్టుకోమంటే పెట్టుకున్నారు మహానుభావులు. ముత్యంపేట సాగర్, తమది చక్కెర ఫ్యాక్టరీ ఊరని షుగర్ అయ్యాడు. ఎల్లారెడ్డిపేట కొమురయ్య నలభై ఏళ్లవాడు, ముగ్గురు పిల్లల తండ్రి; కనీసం పేరులోనైనా సెలవుండాలని సండే అయ్యాడు. అక్కడ సెలవు శుక్రవారమని ఎవరో చెప్పినా మార్చుకోలేదు. ఇంకొకడు విండో. కిటికీ అని తెలిశాక కూడా, గాలి వస్తుంది కదా, ఉండనీ అన్నాడు.

మేడం పెంటవ్వను కూడా చాలాసార్లు అడిగింది. "నువ్వు గూడ ఒకటి పెట్టుకోరాదు అవ్వా? రోజ్ అని పిలువాల్నా?"

"నాకెందుకు బిడ్డా గవన్ని" అని ఆమె చీపురు పట్టుకుని అవతలికి పోయేది.

అలా పోవడానికి కారణం ఉంది. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ నెల తిరగకుండానే పోయారు. నాలుగో కాన్పులో ఆమె పుడితే, తల్లి చాటలో పడుకోబెట్టి తీసుకుపోయి పెంటకుప్ప మీద పెట్టింది. ముందే అనుకున్న ప్రకారం పక్కింటి గంగమ్మ ఎత్తుకుపోయి, పిల్ల నాకు దొరికిందన్నది. తల్లి దోసెడు తవుడిచ్చి తన బిడ్డను తానే కొనుక్కున్నది. పెంట మీద దొరికి, తవుడుకు అమ్ముడుపోయిన పిల్లను యముడు మాత్రం ఏం చేసుకుంటాడు? అలా బతికింది. "మంచి పేరుతోని ఎవలు పిలిచినా పలుకకు బిడ్డా" అని తల్లి బతికున్నన్నాళ్లూ చెప్పింది. పెళ్లయ్యాక అత్త లక్ష్మి అని మార్చి చూసింది. ఎనిమిది రోజులు పిలిచి, కోడలు పలకకపోతే విసుగొచ్చి వదిలేసింది.

రేషన్ దుకాణంలోనో దవాఖానలోనో ఆ పేరు గట్టిగా చదివినప్పుడల్లా ఎవరో ఒకరు ముసిముసిగా నవ్వేవారు. అలవాటైపోయిందని పెంటవ్వ అనేది. అబద్ధం. ఒక్కనాడు కూడా అలవాటు కాలేదు.

ఇవాళ ఆమె మనసు ఇక్కడ లేదు. సిరిసిల్లలో కూతురు రాధకు పాప పుట్టి ఇరవై రోజులు. రేపు పేరు పెడతారు. అంతకుముందు పుట్టిన ఇద్దరూ ఇరవై ఒకటో రోజు చూడలేదు. ఈ పిల్ల కూడా పిడికెడంత పుట్టి, పన్నెండు రోజులు దవాఖానలో గాజు పెట్టెలో ఉండి ఇంటికి వచ్చింది. రాధ, మరమగ్గాల మీద పనిచేసే ఆమె భర్త మహేశ్ కలిసి తేజస్విని అనే పేరు అనుకున్నారు. నిన్న పెంటవ్వ ఫోన్లో బతిమాలింది.

"పెంట మీద పెట్టకుంటె పెట్టకు. పేరన్న మోటుది పెట్టు బిడ్డా. పెంటక్కనో, బిచ్చవ్వనో."

"నీ పేరు జెప్తెనే బడిల నన్ను నవ్విండ్రమ్మా. నా బిడ్డను గూడ నవ్వాల్నా?" అని రాధ ఏడ్చింది.

కూతురిది తప్పని ఆమె అనలేకపోయింది. ఆ నవ్వు ఎలా ఉంటుందో తనకంటే ఎవరికి తెలుసు? కానీ మూడోసారి ఆ చిన్న గుంత తవ్వుతుంటే చూసే ఓపిక ఆమెకు లేదు. పొద్దున నాలుగో మెట్టు మీద నిలబడ్డప్పుడు ఏం చేయాలో తేల్చుకున్నది.

పదిన్నరకు పాఠం మొదలయ్యాక తలుపు దగ్గర నిలబడి సాగర్‌ను పిలిచింది. "కొడుకా, ఇంగ్లిష్‌ల అన్ని పేర్లకెల్ల మంచి పేరేది?"

"ఎవలికవ్వా?"

"ఎవలికైతేంది? దానికంటె మంచిది లేదనెటట్టు జెప్పు."

సాగర్ కొంచెం ఆలోచించి, "క్వీన్. మారాణి అన్నట్టు" అన్నాడు.

"గయితె గదే. నాకు పెట్టుండ్రి."

హాలంతా నవ్వింది. మేడం నవ్వుతూనే అడిగింది. "ఇన్నేండ్లు వద్దన్నవు. ఇయ్యాల ఏమైందవ్వా?"

పెంటవ్వ చెప్పింది. పెంటకుప్ప సంగతి, తవుడు సంగతి, సిరిసిల్లలో పోయిన ఇద్దరి సంగతి, రేపటి సంగతి. "ఆ యముడు మంచి పేరు సూసుకుంటనే వస్తడు. రేపు పసిదానికి మంచి పేరు పెడ్తుండ్రు. ఒక్క దినం ముందుగాల నేను పెట్టుకుంటె నా దిక్కు సూస్తడు గద."

"గవన్ని ఉంటయా అవ్వా?" అన్నది మేడం మెల్లగా.

"లేకుంటె మంచిదే బిడ్డా. ఉంటె?"

బీఎడ్ చదివిన మేడం లేచి బోర్డు దగ్గరకు నడిచింది. కొత్తగా చేరినవాళ్ల పేరు బోర్డు పైమూలకు రాయడం, అందరూ లేచి పలకరించడం అక్కడి ఆనవాయితీ. సాయంత్రం అందరూ వెళ్లాక పెంటవ్వే దాన్ని తడిగుడ్డతో తుడిచేది. మేడం సుద్దముక్క తీసుకుని, ఇంగ్లిష్‌లో ఒకసారి, కింద తెలుగులో ఒకసారి రాసింది.

"గట్టిగ పిలువుండ్రి. ఇనవడాలె" అన్నది పెంటవ్వ. ఎవరికి వినబడాలో ఎవరూ అడగలేదు.

పద్దెనిమిది మంది మగవాళ్లు లేచి నిలబడి "గుడ్ మార్నింగ్, క్వీన్!" అన్నారు. కింద ఎరువుల దుకాణంలో బేరాలు ఆగాయి. అరవై రెండేళ్లలో మొదటిసారి ఆమె ఒక మంచి పేరుకు "ఆఁ" అని పలికింది.

ఆ తర్వాత జరిగింది ఆమె అనుకోనిది. "క్వీన్, మంచినీళ్లు" అని ఒకడు, "క్వీన్, ఫ్యాను" అని ఒకడు, పని ఉన్నా లేకున్నా పిలుస్తూనే ఉన్నారు. పిలిచినప్పుడల్లా ఆమెకు సంతోషమైంది. పసిదాన్ని కాపాడటానికి పెట్టుకున్న పేరు ఇంత తియ్యగా ఉంటుందని ఆమెకు తెలియదు. ఇట్లాంటిది ఒకటి తనకూ ఉండవలసిందని మొదటిసారి అనిపించి, ఈ వయసులో ఇదేం ఆశ అని సిగ్గుపడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చాయ్ గ్లాసులు కడుగుతూ తనలో తాను నవ్వుకున్నది.

మూడు గంటలకు రాధకు ఫోన్ చేసింది. "పొద్దుగాల వేములవాడ మీదికెల్లి వచ్చే బస్సుకొస్త. మీరనుకున్న పేరే పెట్టుండ్రి."

"కోపంతోని అంటున్నవా అమ్మా?"

"కోపమెందుకే? మంచిగున్నది పేరు. మంచి పేరు మంచిగనే ఉంటది."

పాప పాలు తాగుతోందా అని అడిగింది. తాగుతోందని రాధ చెప్పింది. ఫోన్ కొంగులో ముడివేసుకుని, వరండాలో గోడకు చేరగిలబడి కూర్చున్నది. లోపల వాళ్లు జీతం ఎలా అడగాలో వల్లె వేస్తున్నారు.

నాలుగున్నరకు క్లాసు వదిలారు. సాగర్ ముందు బయటికి వచ్చి "క్వీన్, పోయొస్తం" అన్నాడు. ఆమె పలకలేదు. ఇంకోసారి పిలిచాడు. కొమురయ్య వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, "పెంటవ్వా" అని మెల్లగా పిలిచాడు. దానికీ పలకలేదు.

గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ఆ మెట్ల మీద అన్ని బిందెలు మోస్తే ఆగదా అన్నారు ఇరుగుపొరుగు. రెండూ నిజమే కావచ్చు. క్లాసు వాళ్లే పాడె మోశారు. రాధకు మైల వచ్చి పేరు పెట్టడం వెనక్కి జరిగింది. తల్లి పెద్దకర్మ అయ్యాక, మంచి రోజు చూసి, రాధ పాపను తొట్టెల ఉయ్యాలలో వేసి, తేజస్విని అని మూడుసార్లు చెవిలో చెప్పింది. పాప బరువు పెరుగుతోంది. మందులు పనిచేశాయని మహేశ్ అంటాడు. రాధకు మాత్రం, పాడె మోసిన నాడు సాగర్ చెప్పిన క్వీన్ సంగతి గుర్తొస్తుంది.

తొట్టెల ఫోటో సాగర్ ఫోనుకు వచ్చిన రోజున కూడా క్లాసు మామూలుగానే నడిచింది. కొత్త మనిషి దొరకక వంతులు వేసుకుని వాళ్లే ఊడుస్తున్నారు, వాళ్లే నీళ్లు మోస్తున్నారు. పాఠం అయ్యాక బోర్డు తుడుస్తారు, కానీ ఎవరి వంతైనా గుడ్డ పైమూల దాకా పోదు. అక్కడ సుద్ద కొంచెం కొంచెం రాలుతూ, ఇంగ్లిష్‌లో ఒకసారి, తెలుగులో ఒకసారి, క్వీన్ అని ఉంది.