సహకరించలేదు

కండెకు చుట్టిన నూలు అయిపోయింది. దశరథం సాంచ ఆపి, పోగును అటూ ఇటూ మోసే నాడె బయటికి తీసి, కొత్త కండె తొడిగాడు. నాడె పక్కకున్న సన్నటి కన్నానికి పెదాలు ఆనించి గట్టిగా లోపలికి పీల్చాడు. నూలు పోగు సర్రున కన్నంలోంచి దూసుకొచ్చి నాలుకకు తగిలింది. పోగుతో పాటు దుమ్ము. ఉమ్మేసి, నాడె పెట్టి, సాంచ నడిపాడు. అప్పటికే పక్క సాంచలో కండె ఖాళీ.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. ఎనిమిది సాంచలకు ఒక మనిషి. రోజుకు పన్నెండు గంటలు. దశరథానికి ఇది ముప్పై ఒకటో ఏడు. ఇన్నేళ్లలో నాడె ఎన్నిసార్లు పీల్చాడో లెక్క పెట్టినవాడు లేడు, పెట్టాలని ఎవడికీ తోచలేదు.

మనిషి వట్టి ఎముకల గూడు. మెడ కింది గుంటల్లో నీళ్లు పోస్తే నిలుస్తాయి. కనుబొమ్మల మీద, చెవుల్లోని వెంట్రుకల మీద తెల్లటి నూలు పొట్టు. మెట్లు నాలుగు ఎక్కితే ఐదో మెట్టు మీద కూర్చుంటాడు. ఎనిమిది సాంచల చుట్టూ తిరిగేటప్పుడు మాత్రం కూర్చోవడానికి మెట్టు కూడా ఉండదు.

ఈరోజు మధ్యాహ్నం ఊపిరి పరీక్ష. దానికోసం పొద్దున్నుంచి దశరథం బీడీ ముట్టలేదు.

మూడేళ్లుగా ఎండాకాలం సెలవుల్లో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ వాళ్లు వస్తున్నారు. డాక్టర్లు కావాలనుకునే పిల్లలకు పరిశోధన నేర్పే శిబిరమట. దారి చూపించడానికి వెంట ఒక పెద్ద డాక్టరు. పిల్లలు నెలరోజులు జనాన్ని కొలుస్తారు, కాగితం రాస్తారు, సర్టిఫికెట్టు పట్టుకుని పోతారు. కొలిపించుకున్నవాడికి బిస్కెట్ పొట్లం. కానీ వాళ్లు ఒక మాట ఇచ్చారు. ఊపిరి తక్కువని తేలినవాళ్లను వ్యాన్‌లో కరీంనగర్ తీసుకుపోయి, ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించి, మందులు ఇప్పిస్తారు.

దశరథానికి ఆ వ్యాన్‌లో ఒక సీటు కావాలి.

రెండేళ్లూ తప్పిపోయింది. ఊదాల్సిన గొట్టం నోట్లో పెట్టగానే నోరు తనకు తెలిసిన పనే చేసింది. లోపలికి పీల్చింది. పిల్లలు నవ్వారు. మళ్లీ పెట్టారు, మళ్లీ పీల్చింది. పేరు ముందు ‘సహకరించలేదు’ అని రాసి పంపేశారు.

అందుకే ఈసారి పది రోజులుగా నీళ్లపొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదడం నేర్చుకుంటున్నాడు. చాటలో బీడీలు చుడుతున్న భార్య దేవవ్వ ఊరుకుంటుందా?

“పెండ్లయి ముప్పయ్యేండ్లాయె, ఒక్కనాడన్న పొయ్యికాడికొచ్చినవా? డాక్టర్లు చెప్తెగని రాకపోతివి. గట్లనే బువ్వ గూడ వండు, ఊపిరి ఇంకింత మంచిగైతది.”

దశరథం నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేదాకా దేవవ్వ బీడీ చుట్టలేదు.

మధ్యాహ్నం నేతగాళ్ల సంఘం భవనంలో వరస కట్టారు. ముందు పర్శరాములు, దశరథం పక్క వరస సాంచలు నడిపేవాడు. గొట్టం నోట్లో పెట్టుకుని బుగ్గలు లోపలికి పోయేలా పీల్చాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు.

“ఏంది బయ్, దీన్ల పోగు వస్తలేదు?” అని పర్శరాములు గొట్టంలోకి తొంగిచూశాడు. వరసంతా గొల్లుమంది. ట్యాబ్ మీద వేలు పడింది. సహకరించలేదు.

దశరథం కూర్చున్నాడు. ఎదురుగా భవ్యశ్రీ అనే పిల్ల, హైదరాబాద్ నుంచి వచ్చింది, చేతులకు నీలం తొడుగులు.

“తాతా, ఆపకుండా ఆరు సెకన్లు ఊదాలి. మూడుసార్లు. సరేనా?”

“తాతను గాదు బిడ్డా. నాకు యాబై మూడే.”

ఆ పిల్ల ట్యాబ్‌లో వయసు చూసింది, అతని మొహం చూసింది, గొట్టం అందించింది.

మొదటిసారి దశరథం ఊదాడు. నిజంగానే బయటికి ఊదాడు! ఒకటి, రెండు, మూడు. దగ్గు వచ్చి గొట్టం జారింది. రెండోసారి రెండు దాకా వెళ్లాడు, కళ్లు బైర్లు కమ్మాయి. మూడోసారికి గాలి లేదు, జ్ఞాపకం లేదు, పది రోజుల పొయ్యి లేదు. నోరు లోపలికి పీల్చింది.

“సార్,” అని భవ్యశ్రీ పిలిచింది. “పెద్దవాళ్లంతా ఎందుకు లోపలికే పీలుస్తున్నారు?”

దశరథం రెండు వేళ్లు పెదాలకు ఆనించి చూపించాడు. “నాడె గట్లనే పీలుస్తం బిడ్డా. పీలిస్తెనే పోగు వస్తది. పోగొస్తెనే బువ్వ.”

“ఇది రాయాలి కదా సార్? ఎక్కడ రాయాలి?”

పెద్ద డాక్టరు అరుణ్‌కుమార్ వాచీ చూసుకున్నాడు. “దానికి గడి లేదమ్మా. మూడుసార్లూ సరిగా ఊదకపోతే రీడింగ్ పనికిరాదు, గ్రాఫ్ పాడవుతుంది. సహకరించలేదని నొక్కు. నెక్స్ట్.”

దశరథం లేవలేదు.

“సారూ, ఊదరానోనికే గదా రోగముండేది! మంచిగ ఊదేటోన్ని బండెక్కించుకపోయి ఏం జేస్తరు?”

“రూల్ అది. వచ్చే ఏడు చూద్దాం.”

“వచ్చేయేడు మా తరఫున నువ్వే ఊదుకో దొరా,” అని వెనక నుంచి పర్శరాములు అరిచాడు. “మేముంటమో ఉండమో!”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల వేలు ట్యాబ్ మీద కాసేపు ఆగింది. తర్వాత నొక్కింది. గురువు చెప్పాడు, పిల్ల నేర్చుకుంది. శిబిరం పెట్టిందే అందుకు.

ఆ రోజు వరసలో యాభై దాటినవాళ్లు పద్నాలుగు మంది. పద్నాలుగు మందీ సహకరించలేదు. వ్యాన్ ఎక్కింది ముగ్గురు, సరిగా ఊది ఊపిరి తక్కువని తేలిన, సాంచల మీదికి వచ్చి రెండేళ్లు కాని పోరగాళ్లు. మిగతా సీట్లలో బిస్కెట్ల డబ్బాలు వెళ్లాయి.

దశరథం షెడ్డుకు తిరిగొచ్చాడు. పరీక్షకు పోయిన రెండు గంటలూ తనవీ పర్శరాములువీ సాంచలు నడిపిన మనిషికి దండం పెట్టి పనిలో పడ్డాడు. కండె, నాడె, పెదాలు. కండె, నాడె, పెదాలు.

ఐదున్నరకు అతని నాలుగో సాంచ ఆగింది. కాసేపటికి ఆరోది. తర్వాత ఒకటోది.

“ఏం దశరథం, నీ కండెలు గూడ నేనే పెట్టాల్నా?” పర్శరాములు అరిచాడు. మోతలో వినపడలేదనుకుని తిట్టుకుంటూ వచ్చాడు.

దశరథం గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు, బస్సు కోసం కూర్చున్నవాడిలా. పర్శరాములు అతని ముక్కు దగ్గర వేలు పెట్టాడు. గాలి లోపలికీ లేదు, బయటికీ లేదు. వెళ్లి మెయిన్ స్విచ్ దించాడు. షెడ్డులో ఒకరి మాట ఒకరికి వినపడేంత నిశ్శబ్దమైంది.

రెండు వారాలకు కాలేజీలో పిల్లలు తెర మీద గ్రాఫ్ వేసి చూపించారు. నేత పనివాళ్ల ఊపిరి మొత్తం మీద బాగానే ఉందని తేలింది. చప్పట్లు కొట్టారు.

ఆ రోజుకూ షెడ్డు గోడ మేకుకు దశరథం అంగి వేలాడుతూనే ఉంది. ఎవరూ తీయలేదు. దాని మీది నీలం గీతలు ఒక్కటీ కనపడటం లేదు, నూలు పొట్టు మూసేసింది.