ఎడమ చెయ్యి గీసిన గది

ఇళ్ల ప్లాన్లు గీసే ఆ ఆఫీసులో ఆవిడ లెక్కకి తిరుగులేదు. గోడ మందంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఇట్టే పట్టేసేది. చిన్నప్పుడు నాన్న తన ఎడమ చేతిని కుర్చీకి కట్టేసి, కుడిచేత్తో రాయించిన పుణ్యమే ఇదంతా అని ఆవిడ గట్టి నమ్మకం. లెక్కల మాస్టారి కూతురికి ఎడమచేతి వాటమేమిటని ఆయనకి మహా నామోషీగా ఉండేది.

ఇప్పుడు తన కూతురికీ అదే వైద్యం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ల చిట్టి ఎడమచేత్తో చెక్కముక్కలు పేర్చి, మెలికల మెట్లతో సహా మేడలు కట్టేది. ఆ చేతిని రిబ్బనుతో కుర్చీకి కట్టిన నెలలోనే ఆ ముచ్చట కాస్తా అటకెక్కింది. రెండంకెల కూడిక అడిగినా గోడకేసి చూస్తోంది. మొండితనం అనుకుంది తల్లి. తాము పడ్డ బాధ పిల్లలకి పంచిపెడితే గాని కొందరికి తోచదు మరి!

ఆ మధ్యాహ్నం ఆఫీసులో ఫోను కుడిచేత్తో పట్టుకుని మేస్త్రీతో పోట్లాడింది. పెట్టేశాక చూస్తే బల్ల మీద తన ఇంటి ప్లాను గీసి ఉంది. పెన్సిలు ఎడమచేతిలో ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ పడగ్గదికీ వంటింటికీ మధ్య, తలుపు లేని మూడడుగుల గది ఒకటి ఎక్కువుంది. అందులో రెండు కుర్చీలు.

సాయంత్రం రోజూలాగే చిట్టి చేతిని కుర్చీకి కట్టి, లెక్కల పుస్తకం ముందు పెట్టి, టేపు తీసి ఇల్లంతా కొలిచింది. గదులూ గోడల మందాలూ అన్నీ కలిపినా బయటి కొలతకి మూడడుగులు తక్కువ. ఎవరెవరి ఇళ్లో కొలిచిన మనిషి, తను పుట్టి పెరిగిన ఈ ఇంటిని ఏనాడూ కొలవలేదు. పడగ్గది గోడకి చెవి ఆనించింది. లోపల పెన్సిలు గీస్తున్న చప్పుడు.

"లోపల పాప ఉందమ్మా," అంది చిట్టి తాపీగా. "తన చెయ్యి కూడా కట్టేశారంట. రేపట్నుంచి నన్నూ లోపలికి వచ్చెయ్యమంది. కుర్చీ కూడా వేసిందంట."

తల్లి ఒక్క ఉదుటున చిట్టి దగ్గరికొచ్చింది. కుడిచేత్తో ముడి లాగితే ఇంకా బిగుసుకుంది. ఎవరూ చెప్పకుండానే ఎడమ చెయ్యి ముందుకొచ్చి ఒక్క మెలికలో విప్పేసింది. పిల్లని హత్తుకుని భోరుమంది.

"ఇంకెప్పుడూ కట్టను తల్లీ. ఒట్టు!"

గోడ అవతల పెన్సిలు చప్పుడు ఆగింది. ఎనిమిదేళ్లప్పటి తన గొంతే, అచ్చంగా అదే గొంతు, మెల్లగా అడిగింది.

"మరి నా చెయ్యి?"