శవాలను నడిపినామె

అత్తగారి ఎడమకాలికి మేజోడు తొడగాలంటే ముందు బొటనవేలిని లొంగదీసుకోవాలి. పక్షవాతం వచ్చి తొమ్మిదేళ్ళయినా ఆ వేలు మొండిగా పైకే లేచి ఉంటుంది.

"కానివ్వవే. డాన్సులు నేర్చిన చేతులకి మేజోడు తొడగడం రాదు" అంది ముసలావిడ. "మొగుడి సినిమాకి అందరికంటే ఆఖరున వెళ్ళేది నువ్వే."

మ్యొంగ్‌హీ ఆ వేలిని వంచి మేజోడు పైకి లాగింది. ఆ మధ్యాహ్నం సియోల్‌లో ఆమె భర్త తేసొక్ తీసిన రెండో జాంబీ సినిమాను పత్రికలవాళ్ళకు చూపిస్తున్నారు. అది బాగుండకూడదని ఆమె కోరిక. భర్త సినిమా పోవాలని కోరుకునే ఆడదాన్ని ఏమంటారో ఆమెకు తెలియదు. పెదవులకు రంగు వేసుకుంటూ కూడా ఆ కోరికనే తడుముకుంది.

ఆరేళ్ళ కిందట మొదటి సినిమాకు శవాలను నడిపింది ఆమె. అపార్ట్‌మెంట్ కింద కార్లు పెట్టే చోట శవాల వేషం కట్టే నలభైమందిని నిలబెట్టి, అత్తగారి నడకను తను నడిచి చూపించింది. రైస్ కుక్కర్ చప్పుడు వినగానే అత్తగారు కుర్చీలోంచి లేవబోతారు. అప్పుడు ముందుగా కదిలేది పనికిరాని ఎడమ భుజమే, కాళ్ళకు ఆ సంగతి తర్వాత తెలుస్తుంది. "ఆకలి గుర్తుంది, దారే గుర్తులేదు. అలా నడవండి" అని చెప్పింది వాళ్ళకు. దేశమంతా ఆ నడకకు వణికింది. సినిమా చివర పేర్లలో, భోజనాలు పంపినవాళ్ళ కింద, 'నారే అమ్మకు కృతజ్ఞతలు' అని పడింది. నారే వాళ్ళ కూతురు. "అందరూ నిన్ను అలాగే పిలుస్తారుగా, ముద్దుగా ఉంది కదూ?" అన్నాడు తేసొక్. ఆమె నవ్వింది. ఆ నవ్వును ఇప్పటికీ తనకు తాను క్షమించుకోలేదు.

రెండోదానికి సినిమా కంపెనీ ఆ పనికి 'మా' అనే ఇంటిపేరున్న యెరిన్ అనే పిల్లను పెట్టింది. ఇరవై తొమ్మిదేళ్ళు, అరగని మోకాళ్ళు.

హాల్లో దీపాలు ఆరాక ఆమె ప్రాణం తేలికపడింది. శవాలు పరుగెత్తుతున్నాయి, గోడలెక్కుతున్నాయి, పల్టీలు కొడుతున్నాయి. ఒక్కదానికీ ఆకలి లేదు. ముందు వరుసలో ఎవరో ఆవులిస్తే, నారేకు క్లాసులో ఫస్టొచ్చినంత సంబరపడింది. ఆ సంబరం చివరిదాకా నిలవలేదు. నల్లటి తెరమీద ఒంటరిగా, పెద్ద అక్షరాలతో పడింది: 'మృతుల కదలికలు: మా యెరిన్.'

దీపాలు వెలిగాక ఒక విలేకరి లేచింది. "మొదటి సినిమాలో శవాలకి బరువుండేది. ఈసారి సర్కస్ వాళ్ళలా ఉన్నారు. ఏమైందండీ?"

"అప్పుడు దానంతటదే కుదిరింది" అన్నాడు తేసొక్.

యెరిన్ మైకు అందుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. "తప్పు నాదండీ. ఆ నడక నాకు దొరకలేదు."

నాదండీ. ఆ మాట మ్యొంగ్‌హీకి ఎక్కడో తగిలింది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల వయసు మీద, మోకాళ్ళ మీద, తెరమీది పేరు మీద కుళ్ళుకుంటున్నాననుకుంది. ఇప్పుడు చూస్తే ఆ ఓటమి మీద కుళ్ళు. నలుగురిలో నిలబడి పోగొట్టుకోవడానికి ఆ పిల్లకు తనదంటూ ఒకటుంది. తనకు మాత్రం ఇంట్లో జరిగిన తప్పులన్నీ తనవి, బయట కుదిరినవన్నీ దానంతటవే.

వరండాలో యెరిన్ వంగి నమస్కరించి, రెండు చేతులతో కార్డు అందించింది. "నారే అమ్మగారూ, అప్పటి రిహార్సల్స్‌కి మీరు వచ్చేవారట. ఆ భుజం ముందు కదలడం ఎవరు నేర్పారో గుర్తుందా?"

మ్యొంగ్‌హీ మర్యాద పాటించకుండా ఒంటిచేత్తో కార్డు తీసుకుంది. "నాకేం తెలుసమ్మా. నేను టిఫిన్ డబ్బాలు తెచ్చేదాన్ని."

ఆ అబద్ధం లిఫ్టు కిందికి దిగేదాకా తియ్యగానే ఉంది.

కారు హాన్ నది వంతెన ఎక్కాక తేసొక్ అన్నాడు. "మూడోదానికి నువ్వు రావాలి, నారే అమ్మా. యెరిన్‌కి నడక చూపించు చాలు. పేరు ఆ పిల్లదే పడుతుందనుకో, ఒప్పందం అలా ఉంది. నీకు పేరెందుకు? నువ్వేమన్నా పరాయిదానివా?"

ఆమె సంచిలోంచి కార్డు తీసి యెరిన్ నంబరు నొక్కింది.

"నేను గు మ్యొంగ్‌హీని" అంది. తన పేరు తన నోట్లోనే కొత్తగా తగిలింది. "ఇందాక అబద్ధం చెప్పాను. ఆ నడక నాది. రేపు ఆ విలేకరికి చెప్పబోతున్నాను, ముందు నీకు చెబుతున్నాను."

"ఎవరితో మాట్లాడుతున్నావ్? ఇంటి విషయం బజారుకెక్కిస్తావా?" అన్నాడు తేసొక్, బ్రేకు మీద కాలు వేసి.

"నీకు నేర్పుతానని చెప్పడానికి కాదు" అంది మ్యొంగ్‌హీ ఫోన్‌లో. "నీమీద కుళ్ళు ఇంకా పోలేదు."

అవతల కలం మూత తీసిన చప్పుడైంది. "ఉండనివ్వండి" అంది యెరిన్. "పేరు ఇంకోసారి చెప్పండి, రాసుకుంటాను."

మ్యొంగ్‌హీ చెప్పింది. ఒక్కొక్క అక్షరం విడదీసి, పక్కనున్న మనిషికి కూడా వినపడేలా.