నాన్న మొహానికి సరిపోయే ముసుగు

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు. క్యాబేజీ ఆకుల్లో అన్నం చుడుతున్న నానమ్మ ఓల్హా, ఆకులు ఉడికించి అందిస్తున్న అమ్మ నాడియా, బల్ల దగ్గర నాన్న మైరోన్, నాన్నతో కలిసి గొట్టాలు వెల్డింగ్ చేసే గిల్లిస్, మెట్ల మీద పదిహేనేళ్ల లారిస్సా.

నాన్న, గిల్లిస్ పనిచేస్తున్న చమురు పైపులైను రద్దయిందని రేడియోలో చెప్పారు. సరిహద్దు అవతల అమెరికా అనుమతి వెనక్కి తీసుకుంది. ఇవతల, తాముండే అల్బెర్టాలో పూడ్చిన గొట్టం పూడ్చినట్టే ఉండిపోతుంది.

"అయితే చమురు సగం దారిలో నిలబడిపోయిందా, తప్పిపోయిన ఆవులాగా?" అంది నానమ్మ.

"చమురింకా బయల్దేరనే లేదు బామ్మగారూ. దారిలో నిలబడింది మేమే," అన్నాడు గిల్లిస్.

లైను ఊరి పక్కనుంచే పోతోంది కనక, లారిస్సాకి ఊహ తెలిశాక మొదటిసారి నాన్న ఈ చలికాలం రోజూ ఇంట్లో భోంచేస్తున్నాడు.

అంతలో ఫోన్ మోగింది. ఉత్తరాన, రెండు రోజుల ప్రయాణం దూరంలో, గ్యాసు లైనుకి ఇద్దరు వెల్డర్లు కావాలట. ఇప్పుడే బయల్దేరాలి. మంచు కరిగేదాకా తిరిగి రావడం కుదరదు. నాన్న సరేనన్నాడు.

లారిస్సా మెల్లగా షెడ్డులోకి వెళ్లి, నాన్న వెల్డింగ్ ముసుగు తెచ్చి దుప్పట్ల పెట్టె అడుగున దాచేసింది. తేలిక చెక్కతో, తన చెంపకి అతికేలా ఆయనే చేసుకున్న ముసుగు అది.

నాన్న గంటసేపు వెతికాడు.

"నా రెండోది తీసుకోరా," అన్నాడు గిల్లిస్.

"నీ గుమ్మడికాయ మొహానిదా? వెలుగంతా పక్కల్నుంచి నా కళ్లలోనే పడుతుంది."

"నీది ఎండుచేప మొహమైతే నన్నంటావేం!"

నాన్న నవ్వలేదు. వెళ్లిన రోజే పరీక్షకి ఒక గొట్టం అతికి చూపించాలి. అతుకు చెడితే ఇంటికి పంపేస్తారు. ఆయన కుర్చీలో కూలబడి కుడిచేతిని మోకాలికేసి రుద్దుకుంటున్నాడు. చివరికి గిల్లిస్ రెండో ముసుగే ఇమ్మని చెయ్యి చాపాడు.

లారిస్సా వెళ్లి నాన్న ముసుగు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"ఎక్కడ దొరికిందే?" అంది అమ్మ.



"పోనీలే నాడియా," అన్నాడు నాన్న, ముసుగు అద్దం తుడుస్తూ. "నేను మాత్రం సరిగ్గా వెతికానా!"

బయట గిల్లిస్ ట్రక్కు అప్పటికే కదిలింది. నాన్న తన ట్రక్కు ఎక్కబోతుంటే లారిస్సా తలుపు పట్టుకుంది.

"నాన్నా, ఆ పరీక్ష తప్పొచ్చుగా?"



"కావాలని చెడగొట్టడం నాకు రాదు తల్లీ."

ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడిపించి, తలుపు వేసేశాడు.